తాజమహలు హోటలు జీర్ణోద్ధరణము - ఒక విమర్శ

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని చెడకుండ నిలిపి చూడుమని వారు చెప్పలేదు గాని, అది అంతకంటెను కష్టమైన పని. క్రొత్త యిల్లు కట్టువానికి తన యిచ్ఛయే ప్రమాణము. పాతదానిని నిలుపువాడు మాత్రము పూర్వుల యిచ్ఛకును, తన కాలపు అవసరమునకును నడుమ నిలిచి అడుగడుగున తీర్పు చెప్పవలసినవాడగును. ఏది ఉంచవలెను, ఏది తీసివేయవలెను, ఏది క్రొత్తగా చేర్చవలెను అను మూడు ప్రశ్నలకు అతడు రాతితోను, కొయ్యతోను సమాధానము చెప్పును. కావ్యమును విమర్శించినట్లే ఆ సమాధానమును కూడ విమర్శింపవచ్చును. ముంబయిలోని తాజమహలు హోటలు 2008లో అగ్నికి ఆహుతియై, 2010లో తిరిగి నిలిచిన తీరును ఆ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా మాటను విచారింతము. జీర్ణమైనదానిని పైకెత్తుట జీర్ణోద్ధరణము. మన దేవాలయములకు ఈ మాట చిరపరిచితము. గోడ పగిలినచో గోడ మార్తురు, గోపురము ఒరిగినచో గోపురము మార్తురు, పిమ్మట కుంభాభిషేకము జరుపుదురు. శిల మారినను దేవత మారదని మన విశ్వాసము. పాశ్చాత్యుల చింతన వేరు త్రోవను నడచినది. ఆంగ్ల విమర్శకుడు జాన్ రస్కిన్ 1849లో వెలువరించిన గ్రంథమున, పాత కట్టడమును మరల పాతదిగా చేయబూనుట దానిని నాశము చేయుటయే యని వాదించెను. ఫ్రాన్సు దేశపు వాస్తువేత్త వియొలే-ల-ద్యూక్ ఇందుకు భిన్నముగా, కట్టడమునకు సంపూర్ణ రూపమీయవలెననియు, అట్టి రూపము పూర్వమెన్నడును లేకపోయినను దోషము లేదనియు తలచెను. ఈ రెండు కొనలకు నడుమ 1964లో వెనిస్ నగరమున సమావేశమైన నిపుణులు ఒక మధ్యమార్గమును నిర్ణయించిరి. ఆధారము లేని ఊహకు చోటీయరాదు. క్రొత్తగా చేర్చినది క్రొత్తదిగా తెలియవలెను. కట్టడముపై పేరుకొనిన ప్రతి కాలపు పనికిని గౌరవము దక్కవలెను. ఈ మూడును మనకు గీటురాళ్ళు.

ఇక భవనము సంగతి. జమ్‌షెట్‌జీ టాటా సంకల్పమున వెలసిన ఈ హోటలు 1903 డిసెంబరు 16న తెరువబడినది. నకలు గీసిన వాస్తువేత్తలు సీతారాం ఖండేరావు వైద్య, డి.ఎన్. మీర్జా అను భారతీయులు. పనిని ముగించినవాడు డబ్ల్యు.ఎ. చేంబర్స్ అను ఆంగ్లేయుడు. నిర్మాణము కంట్రాక్టు పుచ్చుకొనినవాడు ఖాన్‌సాహెబు సొరాబ్జీ రతన్‌జీ. నడుమ స్తంభముల ఆసరా లేక గాలిలో తేలుచున్నట్లు కనబడు నడిమి మెట్లవరుస ఆయన కల్పనమే యని చెప్పుదురు. ఇండియా గేటు అని మన బాలురు పిలుచు గేట్‌వే ఆఫ్ ఇండియా 1924లో గాని తెరువబడలేదు. అనగా సముద్రమునుండి వచ్చు ఓడలకు ఇరువది యేండ్లకు పైగా ఈ హోటలే నగర ద్వారము.

ఒక తెల్లవారి హోటలులో ప్రవేశము నిరాకరింపబడి, ఆ పౌరుషముతో టాటా దీనిని కట్టించెనను కథ లోకమున ప్రచారమందున్నది. చరిత్రకారులు దీనిని సందేహించిరి. 1896లో బొంబాయిని చుట్టుముట్టిన ప్లేగు నగరపు ప్రతిష్ఠను క్రుంగదీసినది. పరదేశీయులను మరల ఈ నగరమునకు రప్పించుటయే ఆయన ఆశయమని సమకాలికుల మాటలవలన తోచుచున్నది. పౌరుషపు కథ రుచికరమే. ఐనను, వెనిస్ సూత్రము కట్టడమునకే గాక కథకును వర్తించును. ఆధారము లేని ఊహతో గోడను పూరింపరాదన్నచో, చరిత్రను మాత్రము పూరింపవచ్చునా?

భవనమనునది ఒక్క దినమున ముగిసిన గ్రంథము కాదు. తరతరములు అందు ప్రక్షిప్తములు చేర్చుచునే యుండును. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఈ హోటలు 600 పడకల సైనిక వైద్యశాలగా మారినది. హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడుగారు బొంబాయి వచ్చినపుడు ఇందు బస చేయుచుండిరి. మొదట ప్రధాన ద్వారము సముద్రపు వైపున గాక నగరపు వైపున నుండెడిది. ఇప్పుడచట ఈతకొలను ఉన్నది. ఇరుగున నుండిన గ్రీన్స్ హోటలును పడగొట్టి, 1970ల ఆరంభమున ఎత్తయిన క్రొత్త గోపుర భవనమును లేపిరి. ఒక పాత హోటలును వారసత్వముగా కాపాడుకొను సంస్థయే మరియొక పాత హోటలును నేలమట్టము గావించినదని గ్రహింపవలెను. ఇది నిందకై చెప్పుట కాదు. వారసత్వము అను భావము మనలో ఎంత ఆలస్యముగా మేల్కాంచినదో ఇది తెలుపును.

2008 నవంబరు 26 రాత్రి సాయుధులు నగరముపై విరుచుకుపడిరి. 29వ తేదీ ఉదయము వరకు హోటలులో పోరాటము సాగినది. నడిమి గుమ్మటము క్రిందినుండి ఎగసిన పొగను దేశమంతయు కన్నులార చూచినది. నగరమంతట మృతులు 166 మంది. ఈ హోటలులో 31 మంది. అతిథులను తప్పించు ప్రయత్నమున ప్రాణము లర్పించిన వంటవారును, పరిచారకులును ఆ సంఖ్యలో చేరియున్నారు. గోపుర భవనమును డిసెంబరు 21నే తెరచిరి. దారుణముగా దెబ్బతిన్న పాత భవనమును మాత్రము సుమారు ఇరువది నెలల పని పిదప 2010 ఆగస్టు 15న తెరచిరి.

ఈ పనిని గీటురాతిపై పెట్టి చూతము. మెట్లవరుస, గుమ్మటము, కమానులు, నడవలు పూర్వరూపమున నిలిచినవి. ఇది మొదటి గుణము. సముద్రమునకు ఎదురుగా నున్న సీ లౌంజ్ అను ఫలాహారశాలను పోల్చుకొనలేనట్లు మార్చివేయక, పాత స్వభావముననే నిలిపిరి. ఎన్నో కుటుంబములవారు పెండ్లిచూపులు జరుపుకొనిన చోటు అది. మేజా, కిటికీ, వెలుగు మునుపటివలె నున్నపుడే జ్ఞాపకము వచ్చి కూర్చుండును. వస్తువును మాత్రమే గాక అలవాటును కూడ కాపాడుట ఉత్తమమైన ఉద్ధరణము. ఇది రెండవ గుణము. గదులలోని క్రొత్త వసతులు, భద్రతకై వచ్చిన ఏర్పాటులు కాలధర్మములు. వానిని ఆక్షేపింప బనిలేదు. హోటలు అనునది వస్తుప్రదర్శనశాల కాదు. అందు రాత్రి ఎవరో ఒకరు నిద్రింపవలెను, ఉదయము వంట కావలెను. వాడుకయే కట్టడమునకు ప్రాణవాయువు.

ఈ మాటకు సాక్ష్యము ఆ సమీపముననే కలదు. పై కథలో తెల్లవారి హోటలుగా చెప్పబడు వాట్సన్స్ హోటలు 1860లలో పోత యినుప చట్రముతో లేచిన అపూర్వ కట్టడము. 1896 జూలై 7న లూమియేర్ సోదరుల చలనచిత్రములు ఈ దేశమున తొలిసారి ప్రదర్శితమైనవి అచటనే. హోటలుగా దాని జీవితము ముగిసినది. ఎస్ప్లనేడ్ మాన్షన్ అను పేర అది చిన్న చిన్న కొట్లుగను, వకీళ్ళ గదులుగను చీలిపోయి, 2005లో కొంత భాగము కూలినది. దేనికొరకు కట్టబడెనో ఆ పని పోయిన భవనము గతి యిది. మన హైదరాబాదులోని ఫలక్‌నుమా కథ వేరొక విధము. పైగా వికారుల్ ఉమ్రా 1884లో ఆరంభించి, ఆరవ నిజాము చేతికి పోయిన ఆ సౌధము చిరకాలము మూతబడి యుండి, సుమారు పది సంవత్సరముల శ్రమతో 2010 నవంబరులో హోటలుగా తెరువబడినది. అచట 101 మంది కూర్చుండు భోజనపు బల్ల యున్నది. కాని అది రాజుగారి బల్ల. ఫలక్‌నుమాకు హోటలు తొడుగు. తాజమహలునకు హోటలే దేహము. కావున ఈ రెంటి ఉద్ధరణమును ఒక్క త్రాసున తూచరాదు.

దోషములను కూడ చెప్పవలెను గదా. మొదటిది ఎంపిక. జర్మనీ లిఫ్టులు, అమెరికా పంకాలు, టర్కీ స్నానశాలలు, మహారాజుల విడుదులు - ఇవియే ఈ భవనపు కీర్తిగా పదే పదే చెప్పబడును. గాయపడిన సిపాయిలు మూల్గిన వైద్యశాల కథ ఒక వాక్యమున ముగియును. గ్రీన్స్ హోటలు ప్రసక్తి అంతకంటె అరుదు. వెడుకకు వచ్చు పొరలను మాత్రమే ఎత్తి చూపి తక్కిన పొరలను కప్పుట, కవి జీవితచరిత్రలో అతని విజయములను మాత్రమే వ్రాయుట వంటిది. రెండవది స్వామ్యము. 2017లో ఈ భవనపు ఆకారమునకే వ్యాపార చిహ్నముగా చట్టబద్ధమైన రక్షణ లభించినది. దేశమున ఒక కట్టడపు రూపమునకు అట్టి రక్షణ లభించుట అదియే ప్రథమము. అనుకరణములను ఆపుటకు అది అవసరమే కావచ్చును. ఐనను, ఓడలలో వచ్చినవారి కందరకు నూరేండ్లకు పైగా కనబడిన గుమ్మటము ఊరిదియా, సంస్థదియా అను ప్రశ్న మిగిలియే యున్నది.

ఈ ప్రశ్నను నాకు నేర్పినది గ్రంథము కాదు, ఒక బాలిక. నేను ఈ నగరమున తెలుగు మాధ్యమ పాఠశాలలో ఉపాధ్యాయుడను. మా బాలబాలికలలో పెక్కుమంది పాలమూరు వైపునుండి పొట్టచేత బట్టుకొని వచ్చిన కూలి కుటుంబములవారు. ఒకమారు ఏడవ తరగతి వారిని సముద్రతీరమునకు తీసికొనిపోతిని. హోటలును చూపి దాని కథ చెప్పుచుండగా ఒక పిల్ల అడిగినది: "సార్, ఇది ఎవరు కట్టిండ్రు?" టాటాగారని చెప్పితిని. "ఆయన పైసలిచ్చిండు గద సార్. కట్టింది ఎవరు?" అని మరల అడిగినది. ఆ పిల్ల తండ్రి తాపీమేస్త్రి. నేను సీతారాం వైద్య పేరు చెప్పితిని, మీర్జా పేరు చెప్పితిని, చేంబర్స్ పేరు చెప్పితిని. ఆమె తల యూపినది గాని తృప్తి చెందలేదు. ఆమె అడిగినది రాయి మోసిన వారి పేరు.

ఆ ప్రశ్న మన సమాజమును సూటిగా తాకును. ఈ నగరమున కామాఠిపుర అను పేట కలదు. నిజాము రాజ్యమునుండి వలస వచ్చి కట్టడపు పనులు చేసిన తెలుగు కూలీల వలన దానికా పేరు వచ్చినది. కామాటి యనగా కూలి పని చేయువాడని మన నిఘంటువులు చెప్పుచున్నవి. ఒక జాతి ఈ నగరపు పటము మీద తన భాషలోని కూలి అను మాటను చిరస్థాయిగా నిలిపినది. వ్యక్తుల పేర్లు మాత్రము నిలుపలేదు. పేరు మిగిలిన కొద్దిమంది కంట్రాక్టర్లును తాము కట్టిన మేడల వలన మిగులలేదు. వ్యంకు బాలాజీ కాళేవార్, జాయా కరాడీ లింగు వంటి బొంబాయి తెలుగువారిని చరిత్ర స్మరించుట, వారు జ్యోతిబా ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు అండగా నిలిచినందుననే. తాజమహలు గోడలను మనవారే లేపిరని గర్వముతో చాటుటకు నేను సాహసింపను. ఆధారము లేని గర్వము కూడ ఒక ప్రక్షిప్తమే. 1903 నాటి కథలో ఏ జాతి కూలికిని పేరు లేదన్నదే అసలు సంగతి. యజమాని పేరు, వాస్తువేత్త పేరు, కంట్రాక్టరు పేరు - అచటితో జాబితా ముగిసినది.

ఈ నేపథ్యమున చూచినపుడు 2010 నాటి ఉద్ధరణమున నా దృష్టికి మిక్కిలి గొప్పదిగా తోచునది గుమ్మటము కాదు, మెట్లవరుస కాదు. హోటలులో మరణించిన 31 మంది పేర్లను చెక్కి నిలిపిన స్మారకము అది. అందు అతిథియు కలడు, అతిథికి అన్నము వడ్డించినవాడును కలడు. ఈ భవనపు చరిత్రలో వంటవాని పేరు, పరిచారకుని పేరు రాతిపని వలె శాశ్వతముగా నిలుచుట ఒక క్రొత్త అధ్యాయము. వెనిస్ నిపుణులు కోరినట్లు ఇది క్రొత్తదిగనే కనబడు చేర్పు. పాతదానిని అబద్ధము చేయని చేర్పు. ఒక శతాబ్దము క్రిందట జరిగిన లోపమును పూర్తిగా దిద్దలేకపోయినను, లోపమును గుర్తింపజేయుటకు ఇది చాలును.

కావున వారసత్వమును గౌరవించుట యనగా రాతికి రాయి, కొయ్యకు కొయ్య అతుకుట మాత్రమే కాదు. ఆ కట్టడమున బ్రతికినవారిని, శ్రమించినవారిని పేరుతో పిలుచుట. ఈ ధర్మము హోటలు యజమానులకే గాదు, మనకును చెల్లును. ముంబయి, సోలాపురము, బెంగుళూరు, మద్రాసు, బరంపురము, యానాము - తెలుగువాడు తరతరములుగా నిలిచిన ప్రతిచోట ఏదో ఒక గోడలో, మగ్గములో, రేవులో వాని శ్రమ యున్నది. ఆ శ్రమ చేసిన ముదుసలులు కొందరింకను మన నడుమ నున్నారు. సంఘములవారు ఏటేట వెలువరించు ఇట్టి సంచికలలో పరిశోధన వ్యాసములతో పాటు వారి పేర్లు, చేసిన పని, చేసిన చోటు, ఏడు - ఈ నాలుగు గడుల పట్టిక యొకటి అచ్చు వేయించినచో అదియు జీర్ణోద్ధరణమే యగును.

మా పాఠశాలలో ఆ పని మొదలిడితిమి. పిల్లలు తమ తాతలను, అవ్వలను అడిగి ఒక పుస్తకమున వ్రాయుచున్నారు. అందు మొదటి పుటలో మొదటి పేరు, నన్ను ప్రశ్నించిన బాలిక తండ్రిది. ఆయన ఏ మేడకు ఏ గోడ లేపెనో ఆ పిల్ల తన చేతివ్రాతతో నమోదు చేసినది.