విలీనాలు, కొనుగోళ్లలో సమాచార పారదర్శకత: శ్రీకాకుళం ఉదాహరణపై విమర్శనాత్మక పరిశీలన

విలీనాలు, కొనుగోళ్లపై వెలువడే అధ్యయనాలు సమాచార పారదర్శకతను ప్రధానంగా ధర నిర్ణయానికి సాధనంగా చూస్తాయి. కొనేవారికీ అమ్మేవారికీ మధ్య సమాచార అసమానత తగ్గితే నిర్ణయం సక్రమంగా ఉంటుందన్నది వాటి సారాంశం. ఈ వాదన సరైనదే గాని సంపూర్ణం కాదు.

సత్యం కంప్యూటర్స్ ఉదంతం ఇందుకు తొలి నిదర్శనం. 2008 డిసెంబర్ 16న మేటాస్ సంస్థల కొనుగోలును ప్రకటించిన సత్యం, మదుపరుల నిరసనతో గంటల వ్యవధిలోనే దానిని విరమించుకొంది. 2009 జనవరి 7 నాటి రామలింగరాజు లేఖతో లెక్కల మోసం బయటపడింది. అయినప్పటికీ అదే ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున 31 శాతం వాటాకు బిడ్ గెలుచుకొంది. సరిదిద్దిన లెక్కలు 2010లో గాని వెలువడలేదు. నమ్మదగిన లెక్కలు లేకపోవడం కొనుగోలును ఆపలేదు. ధరను మాత్రం తగ్గించింది. ఆ భారం పాత వాటాదారులపై పడింది.

శ్రీకాకుళం జిల్లా ఉదాహరణ మరొక కోణాన్ని చూపుతుంది. ఎచ్చెర్ల మండలం అరిణాం అక్కివలసలో పురుగుమందుల కర్మాగారం గల ఎన్.ఎ.సి.ఎల్. ఇండస్ట్రీస్‌లో సుమారు 53 శాతం వాటాను 820 కోట్ల రూపాయలకు కొంటున్నట్లు కోరమాండల్ ఇంటర్నేషనల్ 2025 మార్చిలో ప్రకటించింది. సెబీ 2011 నిబంధనల ప్రకారం 25 శాతం పరిమితి దాటితే మరో 26 శాతానికి ఓపెన్ ఆఫర్ తప్పనిసరి. ఆ ప్రకటన కంపెనీ నమోదిత కార్యాలయం ఉన్న ప్రాంతపు భాషా దినపత్రికలోనూ రావాలి. హైదరాబాదు కంపెనీ విషయంలో ఆ భాష తెలుగే. కాబట్టి ఇక్కడ భాష అవరోధం కాదు. ప్రకటనలోని అంశాలు ధర, వాటా, గడువుల చుట్టూ తిరగడమే అసలు పరిమితి.

ఇదే కర్మాగారంలో 2012లో అగ్నిప్రమాదం జరిగింది. ఇటువంటి పరిశ్రమలో వ్యర్థజలాల శుద్ధి, ప్రమాద నివారణ, కాంట్రాక్టు కార్మికుల భవితవ్యం వంటివి కొనేవారు ముందస్తు తనిఖీలో సాధారణంగా పరిశీలించే విషయాలే. పర్యావరణ అనుమతి షరతుల అమలు నివేదికలు ఉన్నా, వాటికీ ఓపెన్ ఆఫర్ పత్రానికీ అనుసంధానం లేదు. ఫలితంగా కర్మాగార స్థాయి బాధ్యతలు కొనేవారి లెక్కల్లో చేరతాయి. చిన్న వాటాదారుకు, పరిసర గ్రామస్థులకు మాత్రం ఒకచోట కనిపించవు.

ఈ లోపం ఒక లావాదేవీది కాదు, నిబంధనల చట్రానిది. ప్రతి ప్రధాన కర్మాగారపు పెండింగు బాధ్యతల సంగ్రహాన్ని ఓపెన్ ఆఫర్ పత్రంలో చేర్చడం అవసరం. అప్పుడే పారదర్శకత ధరతోపాటు బాధ్యతనూ నిర్ణయించగలుగుతుంది.