కింది నుంచి వచ్చే చలి

ట్రెకింగ్‌కు హ్యామక్ కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది దాని బరువెంత అనే. అడగాల్సిందే. కానీ వీపున మోసేది ఒక్క ఉయ్యాల గుడ్డనే కాదు కదా! చెట్లకు చుట్టే పట్టీలు, పైన కప్పే టార్పాలిన్, దోమతెర, చలికి కావలసినవి అన్నీ కలిపి తూస్తేనే టెంటు కంటే తేలికో కాదో తెలుస్తుంది.

గ్రాములు తగ్గుతాయని పొట్టి హ్యామక్ కొనడం నాకు నచ్చదు. 11 అడుగుల పొడవుంటే ఐమూలగా పడుకోవచ్చు, వీపు దాదాపు సమంగా ఆనుతుంది. పొట్టిదాంట్లో రాత్రంతా నడుం అరటికాయలా వంగే ఉంటుంది. పట్టీల దగ్గరా పిసినారితనం పనికిరాదు. పట్టీ 30 డిగ్రీల వాలులో ఉంటే, 70 కిలోల మనిషి పడుకున్నప్పుడు ఒక్కో వైపు సుమారు 70 కిలోల లాగుడు పడుతుంది. కిందికి జారకూడదని బిగదీసి 15 డిగ్రీలకు తెచ్చారా, అది 135 కిలోలవుతుంది. సన్నతాడైతే బెరడును కోసేస్తుంది కూడా. అందుకే అంగుళం వెడల్పున్న పాలియెస్టర్ పట్టీలే వాడతాను. నైలాన్‌వి తడిస్తే సాగుతాయి.

అరకు కాఫీతోటల్లో సిల్వర్ ఓక్ చెట్లను చూస్తే హ్యామక్ కట్టాలని ఎవరికైనా మనసవుతుంది. కానీ చాలా చెట్లకు మిరియాల తీగ పాకి ఉంటుంది. పట్టీ బిగిస్తే తీగ నలిగిపోతుంది. అది ఒక రైతు పంట. అడిగి, తీగ లేని చెట్టునే ఎంచుకోవాలి. పైన ఎండుకొమ్మలు లేవని చూసుకోవాలి.

ఇక చలి. లంబసింగిలో చలికాలం రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. ఎంత మంచి స్లీపింగ్ బ్యాగైనా ఒంటి బరువుకు అడుగుభాగం అణిగిపోతుంది. వేడిని పట్టి ఉంచేది అందులోని గాలే, అది కాస్తా పోతుంది. పలచటి గుడ్డ కింద నుంచి గాలి వీస్తూనే ఉంటుంది. పైన రెండు దుప్పట్లు కప్పుకున్నా వీపు వణుకుతుంది. హ్యామక్ బయట, అడుగున వేలాడదీసే అండర్‌క్విల్ట్ మీద ఒంటి బరువు పడదు కాబట్టి అది అణగదు. దాని ధర భారమనుకుంటే లోపల ఫోమ్ మ్యాట్ పరుచుకోవచ్చు. కాస్త జారుతుంది, అయినా పనిచేస్తుంది. బరువు తగ్గించాలంటే పైకప్పుకునేది పలచన చేయండి, దిండు మానేసి జాకెట్ మడతపెట్టుకోండి. అడుగున వేసుకునేది మాత్రం వదలకండి.

వాననీళ్లు పట్టీ వెంట జారి ఉయ్యాలలోకి చేరకుండా, టార్పాలిన్ నీడలోనే పట్టీకి జానెడు దారం ముడివేసి వదలాలి. నీళ్లు దాని కొస నుంచి కారిపోతాయి. బరువు గ్రాము కూడా ఉండదు.

వేసవి చివర, తొలకరి వేళ మారేడుమిల్లి వైపు వెళ్లేవాళ్లకు చలి బాధ తక్కువే, దోమల బాధే ఎక్కువ. ఏజెన్సీలో మలేరియా మాటలు కాదు. ఒక్క పొర గుడ్డైతే దోమ అడుగు నుంచీ కుడుతుంది. పైన మాత్రమే మూసే తెర చాలదు. హ్యామక్‌ను చుట్టూ, కిందా కప్పేసే తెర నాలుగు గ్రాములు ఎక్కువైనా అదే కొనండి.