ఇంటి మెకానిక్కు, షెడ్డు మెకానిక్కు: పిర్సిగ్ నవలపై ఒక అభ్యంతరం

రాబర్ట్ పిర్సిగ్ నవల ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటర్‌సైకిల్ మెయింటెనెన్స్’ (1974) గురించి జరిగే చర్చంతా దాదాపు ‘క్వాలిటీ’ అన్న తాత్విక భావన చుట్టూ తిరుగుతుంది. మోటర్‌సైకిలు ఒక ఉపమానంగా మాత్రమే మిగిలిపోతుంది. కానీ బండిని ఇంట్లో సొంత చేతులతో బాగుచేసుకోవడం గురించి ఇంత శ్రద్ధగా రాసిన నవల మరొకటి నాకు కనబడలేదు. అందులో చెప్పిన మాటల్లో నిలిచేవేవి, నిలవనివేవి అని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1968లో పిర్సిగ్ తన కొడుకు క్రిస్‌ను వెనక కూర్చోబెట్టుకొని మినెసోటా నుంచి కాలిఫోర్నియాకు చేసిన ప్రయాణం ఈ నవలకు ఆధారం. కొంతదూరం జాన్, సిల్వియా దంపతులు తోడుంటారు. జాన్‌ది బి.ఎమ్.డబ్ల్యు. దాని హ్యాండిల్‌బార్ జారిపోతుంటే, బీరు డబ్బా నుంచి రేకు కత్తిరించి సందులో పెడితే సరిపోతుందంటాడు కథకుడు. జాన్‌కు ఆ సలహా రుచించదు. రేకుగా చూస్తే అది మెత్తని, పలచని అల్యూమినియం. ఆ పనికి చక్కగా సరిపోతుంది. బీరు డబ్బాగా చూస్తే మాత్రం ఖరీదైన జర్మన్ బండికి అవమానం. వస్తువును దాని పేరుతో కాక గుణంతో చూడడమే మరమ్మతుకు మొదటి మెట్టని చెప్పే ఘట్టమిది.

ఇంజను పక్కమూతకున్న స్క్రూ బిగుసుకుపోయి, దాని తలమీది గాడి అరిగిపోయే సందర్భం కూడా అంత నిజమైనదే. అంతవరకూ కానీ విలువచేయని ఆ స్క్రూ, ఆ క్షణాన మొత్తం బండి వెలతో సమానమవుతుంది. దక్షిణ భారతదేశానికి చెందిందంటూ అతను చెప్పే కోతి ఉచ్చు ఇంకా పదునైనది. తొలిచిన కొబ్బరికాయలోని బియ్యాన్ని పట్టుకున్న కోతి పిడికిలి విప్పదు, అందుకే దొరికిపోతుంది. లోపం కార్బురేటర్‌లోనే ఉందని తీర్మానించుకొని, దాన్నే పదేపదే విప్పుతూ, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడుతోందా లేదా అని ఒక్కసారైనా చూడనివాడి పరిస్థితీ అదే.

నా అభ్యంతరం ఇంకోచోట ఉంది. పదేపదే పట్టేస్తున్న ఇంజనును కథకుడు ఒకసారి షెడ్డుకిస్తాడు. అక్కడి కుర్రవాళ్లు రేడియో వింటూ, సరిపడని పానాలతో, సుత్తి దెబ్బలతో దాన్ని పాడుచేస్తారు. ఇంజను పైభాగానికి ఆయిల్ అందించే మార్గంలో, పావు డాలరు విలువైన పిన్ను తెగిందన్న అసలు కారణాన్ని చివరికి కథకుడే కనిపెడతాడు. వాళ్లెందుకలా చేశారు? తొందర వల్లనని, తొందరగా చేస్తే డబ్బెక్కువ వస్తుందని ఒకమాట అంటాడు. అయితే ఆ దారిలో రెండో అడుగు వేయడు. వెంటనే వాళ్ల ముఖాల్లోని నిర్లిప్తత వైపు మళ్లి, వాళ్లు తమ పనికి తామే ప్రేక్షకులని తేలుస్తాడు. పని ఏర్పాటులో ఉన్న దోషం ఆ మనుషుల స్వభావంలోని దోషంగా మారిపోతుంది.

అదే కథకుడు మోంటానాలోని మైల్స్ సిటీలో, పొద్దున్నే ఇంజను చల్లగా ఉండగా టాపెట్లు సరిచూసుకుంటాడు. ఎంతసేపు పట్టిందని అతన్ని అడిగేవారు లేరు. తర్వాత మరోచోట, విరిగిన చెయిన్‌గార్డును ఒక ముసలి వెల్డరు ఎంతో నేర్పుగా అతికి, ఒకే ఒక్క డాలరు తీసుకుంటాడు. కూలికి చేసే పనిలోనూ శ్రద్ధ ఉంటుందని నవలే సాక్ష్యమిస్తోంది. కానీ ఆ వెల్డరు తన షాపులో తన వేగంతో పనిచేసుకునేవాడు. కుర్రవాళ్లకూ అతనికీ మధ్యనున్న ఈ తేడాను నవల గమనించదు.

మాథ్యూ క్రాఫర్డ్ ‘షాప్ క్లాస్ యాజ్ సోల్‌క్రాఫ్ట్’ (2009)లో ఆ కుర్రవాళ్ల విషయంలో పిర్సిగ్ పక్షమే వహిస్తాడు. అయితే రాజనీతి తత్వశాస్త్రంలో డాక్టరేటు చేసి, రిచ్మండ్‌లో మోటర్‌సైకిల్ షెడ్డు పెట్టుకున్న మనిషి కాబట్టి, రెండోవైపు కూడా అతనికి తెలుసు. ఒక పాత హోండాలోని ఆయిల్ సీల్ వెంటపడి, యజమానికి బిల్లు వేయడానికి మనసొప్పనన్ని గంటలు గడిపానని రాస్తాడు. బండి కోరే శ్రద్ధ వేరు, యజమాని ఇవ్వగలిగిన డబ్బు వేరు. ఇంట్లో పనిచేసుకునేవాడికి ఈ సంకటం ఉండదు.

మన ఊళ్లలో చెట్టుకింది మెకానిక్కును కూడా ఇక్కడ తలచుకోవాలి. పిర్సిగ్ కోరే ప్రశాంతత అతనికి ఎన్నడూ దొరకదు. పక్కన నలుగురు తొందరపెడుతుంటారు, రేడియో కూడా మోగుతూనే ఉంటుంది. అయినా స్టార్ట్ చేయగానే శబ్దం విని లోపమేమిటో చెప్పగలడు. చిన్నప్పటినుంచీ మేస్త్రీ దగ్గర వందల బళ్లు విప్పిన చేతులవి. ఏకాంతంలోంచి కాక గుంపులోంచి వచ్చిన ఈ నైపుణ్యానికి పిర్సిగ్ సిద్ధాంతంలో చోటు కనిపించదు.

పాయింట్లు, కార్బురేటర్ ఉన్న పాత బళ్లు మామూలు పనిముట్లకు లొంగుతాయి. కాబట్టి అమెరికాలో శనివారాలు గరాజ్‌లో వాటిని విప్పుకునే మనవాళ్లకు ఈ నవల ఇప్పటికీ మంచి తోడు. ఓపికగా చూడడం, పిడికిలి విప్పడం అది నేర్పుతుంది. కానీ ఆ ఓపికకు ఖర్చు భరిస్తున్నది మిగతా ఐదురోజుల జీతమని అది చెప్పదు. ఆ సంగతి మరిచి, షెడ్డులో గంటల లెక్కన పనిచేసేవాడి కన్నా మనం శ్రద్ధ గలవాళ్లమనుకుంటే, నవలలోని లోపాన్ని మనమూ నేర్చుకున్నట్టే.