చెక్కు మెమో, యూపీఐ స్క్రీన్

చెల్లింపు ఎందుకు జరగలేదో చెప్పే బాధ్యత యూపీఐ యాప్‌లతో మొదలైంది కాదు. బ్యాంకులు ఎంతోకాలంగా చెక్కు రిటర్న్ మెమోతో ఆ పని చేస్తున్నాయి. యూపీఐ స్క్రీన్ మనకు రోజూ కనబడేదే. మెమోను మాత్రం చెక్కు బౌన్సయినవాళ్లే చూసి ఉంటారు. చిన్న కాగితం. చెక్కు వివరాలు, తేదీ, వాపసుకు కారణం: ఖాతాలో డబ్బు చాలలేదు, సంతకం కలవలేదు, అంకెలకూ అక్షరాలకూ పొంతన లేదు, చెక్కు రాసి మూడు నెలలు దాటింది. అంతే.

యూపీఐ లోపల కూడా ఇలాంటి పట్టికే ఉంది. డబ్బు చాలకపోతే జెడ్9, పిన్ తప్పయితే జెడ్ఎం. పిన్ తప్పినప్పుడు యాప్ ఆ మాట వెంటనే, సూటిగా చెబుతుంది. మళ్లీ కొడితే పని అయిపోతుంది. మెమోకు ఆ వేగం ఎక్కడిది? పైగా మెమో డబ్బు రావలసినవాడి చేతికి వెళ్తుంది, చెక్కిచ్చినవాడి పరువు అక్కడే పోతుంది. యూపీఐ అయితే కారణాన్ని కట్టేవాడి ఫోన్‌లోనే చెబుతుంది. ఈ మర్యాద నాకెంతో ఇష్టం.

దాపరికం రెంటిలోనూ ఉంది. మెమోలో ‘రిఫర్ టు డ్రాయర్’ అని వస్తే, కారణం చెక్కిచ్చినవాణ్ణే అడగమని. అలాగే యాప్ ఒక్కోసారి ‘మీ బ్యాంకు తిరస్కరించింది’ అని ఊరుకుంటుంది. మెమోను చదివేది పరాయివాడు కాబట్టి అక్కడ గుట్టు కాపాడటం న్యాయం. స్క్రీన్ చదివేది ఖాతాదారుడే. మోసం అనుమానం ఉంటే తప్ప, అతని ఖాతా సంగతి అతనికే చెప్పకపోవడం తప్పు.

అసలు చిక్కు పెండింగ్‌తో. ఖాతాలో డబ్బు కట్టయింది, కొట్టులో సౌండ్‌బాక్స్ మోగలేదు. స్క్రీన్ మీద ‘ప్రాసెసింగ్’. మళ్లీ పంపాలా, ఆగాలా? వెనక జనం నిలబడి ఉంటారు. మెమో ఇలా గాలిలో వదిలేయదు. అది అందిన నాటి నుంచి 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందినవాడికి కట్టడానికి 15 రోజులు. 1881 నాటి చట్టంలోని 138వ సెక్షన్ లెక్క ఇది.

అలాంటి లెక్క యూపీఐకీ ఉంది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు సర్క్యులర్ ప్రకారం, వ్యక్తికి పంపిన డబ్బు అవతల జమకాకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. దుకాణానికి కట్టినదైతే ఐదు రోజుల్లోగా. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. గడువు ఉన్నప్పుడు తేదీ చెప్పడానికి అడ్డేముంది? ‘జమకాకపోతే ఫలానా తేదీలోగా మీ డబ్బు తిరిగొస్తుంది, రాకపోతే రోజుకు 100 రూపాయలు మీకు రావాలి’ అన్న వాక్యం ప్రతి యూపీఐ యాప్ పెండింగ్ స్క్రీన్ మీదా, తెలుగులో కూడా, ఉండి తీరాలి.