చింతపండుతో తోమిన చక్రవర్తి

మా వడమాలపేటలో రాగి చెంబు నల్లబడితే చింతపండు, ఉప్పు. ఇంకో మందు ఎవరికీ తెలీదు. ఆ అలవాటే నా కొంప ముంచింది. మద్రాసులో కొన్న రోమన్ కంచు నాణేన్ని తెచ్చిన రాత్రే గిన్నెలో వేసి తోమేశాను. చొక్కా గుండీ అంత బిళ్ళ. పొద్దునకు తళతళలాడుతోంది గానీ చక్రవర్తి ముఖం లేదు. పదహారు వందల ఏళ్ళుగా పట్టిన పచ్చటి పొరలోనే ఆయన ముక్కూ కళ్ళూ నిలిచి ఉన్నాయని అప్పుడర్థమైంది.

వెనకవైపు మాత్రం కొంచెం మిగిలింది. ఒక సిపాయి ఈటెతో పొడుస్తున్నాడు, గుర్రం మీది శత్రువు ఒరిగిపోతున్నాడు. క్రీ.శ. 348 ప్రాంతంలో కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్ అనే రోమన్ చక్రవర్తులు, అన్నదమ్ములు మొదలుపెట్టిన వరస ఇది. చుట్టూ లాటిన్‌లో ఉండే మాటకు అర్థం, మంచిరోజులు మళ్ళీ వచ్చాయని. ఆ మాట కింద ఒకడు చస్తున్నాడు! ప్రభుత్వ ప్రకటనల తీరు అప్పుడూ ఇంతే కాబోలు.

వాళ్ళ నాయన కాన్‌స్టాంటైన్ 330లో కొత్త రాజధానిని ప్రారంభించాడు. పాత రోము అలగకుండా దాని పేరా ఒక నాణెం వేయించాడని నాకనిపిస్తుంది. తోడేలు ఇద్దరు పసివాళ్ళకు పాలిస్తుంటుంది, పైన రెండు చుక్కలు. అలాంటిదే, బాగా అరిగినదాన్ని, మా అమ్మ చేతిలో పెట్టాను. వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, "ఆవూ దూడా కదరా" అంది.

నేను నవ్వలేదు. ఇలాంటి చిల్లర తమిళనాడులోని కరూరులో, మదురైలో బోలెడు దొరికింది. నాణేల పరిశోధకుడు ఆర్. కృష్ణమూర్తి 1994లో వాటి మీద పుస్తకమే వేశారు. ఆ ఊళ్ళ సంతల్లో వీటిని చేత పట్టినవాళ్ళకు లాటిన్ ఎవరు చెప్పారు? వాళ్ళూ బొమ్మనే చూసుంటారు, తమకు తెలిసిన జంతువునే చూసుంటారు. శ్రీలంకలోనైతే వీటిని చూసి సొంతంగా నాణేలు చేసుకున్నారు కూడా. అక్షరాలుండాల్సిన చోట ఉత్త గీతలు!

బంగారం కథ వేరు. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే పాడుబడిన చిన్న గుడి, దాని కింద కుండలో ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల నాటి రోమన్ బంగారు నాణేలు. బంగారం ధరకే అమ్మేశాడు, చాలామటుకు కరిగిపోయాయి. కంచు చిల్లరను కరిగిస్తే కట్టెల ఖర్చు కూడా రాదు. అందుకే అది ఇసకలో బతికింది, నాబోటి వాడి చింతపండు తగిలేదాకా.

ఇప్పుడు బుద్ధొచ్చింది. ఇంకో నాణెం మూడు వారాలుగా డిస్టిల్డ్ వాటర్‌లో నానుతోంది. రోజూ నీళ్ళు మార్చి, భూతద్దం కింద పెట్టి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి, పంటిపుల్లతో ఇంత మట్టి తీస్తాను. నిన్న అంచు దగ్గర ఒక కాలు బయటపడింది. మనిషిదో గుర్రానిదో ఇంకా తేలలేదు.