మూడు దశాబ్దాల సాగర ఘోష: 'ఇండియన్ ఓషన్' ప్రస్థానంలో మైలురాళ్ళు

రాక్ సంగీతం అన్న మాట వినగానే మన సాహిత్యాభిమానులలో చాలామందికి విద్యుత్ గిటార్ల హోరు, పాశ్చాత్య అనుకరణ స్ఫురిస్తాయి. ఆ అభిప్రాయం పూర్తిగా నిరాధారమైనది కాదు. మన నగరాలలో తొలితరం బృందాలు అధికభాగం ఆంగ్ల గీతాలనే ఆశ్రయించి పేరు తెచ్చుకున్నాయి. 1990లో ఢిల్లీలో ఏర్పడిన 'ఇండియన్ ఓషన్' బృందం ఈ మార్గాన్ని అనుసరించలేదు. మూడు దశాబ్దాలు దాటిన దాని ప్రస్థానాన్ని పరిశీలించినప్పుడు ఒక మౌలికమైన ప్రశ్న ఎదురవుతుంది. సంగీత బృందానికి ప్రాణం అందులోని వ్యక్తులా, వారు కలసి రూపొందించుకున్న బాణీయా?

గిటార్ వాద్యకారుడు సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూ పాడే అషీమ్ చక్రవర్తి ఈ బృందానికి మూలస్తంభాలు. 1991లో బేస్ గిటార్‌తో రాహుల్ రామ్, 1994లో డ్రమ్స్‌తో అమిత్ కిలమ్ వచ్చి చేరారు. ఈ నలుగురి కలయిక పదిహేనేళ్ళు చెక్కుచెదరలేదు. 1993లో హెచ్.ఎం.వి. సంస్థ విడుదల చేసిన తొలి ఆల్బమ్‌లో పదానికి కన్నా వాద్యానికే ప్రాధాన్యం. సుస్మిత్ గిటార్ కర్కశ ధ్వనులకు పోకుండా, ఆలాపన వలె నెమ్మదిగా స్వరాలను విప్పుకుంటూ సాగుతుంది. దాని పక్కన తబలా అలంకారప్రాయంగా నిలిచిపోదు. లయభారాన్ని డ్రమ్స్‌తో సమానంగా మోస్తుంది.

రెండవ ఆల్బమ్ 'డెజర్ట్ రెయిన్' స్టూడియోలో పుట్టినది కాదు. 1997 జనవరి 1న ఢిల్లీలో, వీధి నాటక కళాకారుడు సఫ్దర్ హష్మీ స్మృత్యర్థం 'సహమత్' నిర్వహించిన కార్యక్రమంలో బృందం చేసిన కచేరీకి అది ధ్వనిముద్రణ. దిద్దుబాట్లకు అవకాశం లేని వేదికపై నలుగురూ ఒకరినొకరు వింటూ, ఒకరికొకరు చోటిస్తూ వాయించిన తీరు అందులో స్పష్టంగా వినవస్తుంది. ఈ బృందపు అసలు స్వభావం తెలుసుకోగోరేవారు ముందుగా వినవలసినది ఇదే.

2000లో వెలువడిన 'కందీసా' వారికి దేశవ్యాప్త ఖ్యాతి తెచ్చింది. కేరళలోని సిరియన్ క్రైస్తవుల ప్రాచీన సిరియాక్ ప్రార్థనాగీతం, నర్మదా నదీమతల్లిని స్తుతించే జానపదగీతం, విప్లవకవి గోరఖ్ పాండే జనగీతం ఆ ఒక్క ఆల్బమ్‌లో చేరువయ్యాయి. నర్మదా లోయలోని ఉద్యమంలో రాహుల్ రామ్ స్వయంగా పనిచేశారు. ఆ నదీగీతం ఆయనకు పుస్తకం నుంచి కాక, ముంపు భయంతో జీవిస్తున్న జనుల నోటి నుంచి అందింది. అందువల్లనే అది పర్యాటక ప్రచారగీతంగా మారకుండా మిగిలింది. 2003 నాటి 'ఝీనీ' కబీరు పదాన్ని స్వీకరించింది. మగ్గంపై నేసిన సన్నని వస్త్రాన్ని దేహానికి ప్రతీకగా చెప్పిన ఆ తాత్త్విక పదాన్ని గొంతు పెంచకుండా పాడడంలో బృందపు పరిణతి కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విమర్శను దాటవేయరాదు. ప్రజల నోళ్ళలో తరతరాలుగా నలిగిన పాట ఆల్బమ్‌లోకి చేరాక, శ్రోతల స్మృతిలో అది బృందం పాటగానే స్థిరపడుతుంది. దానిని కాపాడుకొచ్చిన అజ్ఞాత గాయకులు మరుగున పడతారు. పాటతోపాటు దాని పుట్టుపూర్వోత్తరాలనూ శ్రోతకు అందించడం కళాకారుల బాధ్యత, ప్రచురణ సంస్థల బాధ్యత కూడా.

చలనచిత్రరంగం మరో మలుపు. 2007లో విడుదలైన 'బ్లాక్ ఫ్రైడే' కోసం పీయూష్ మిశ్రా రచించిన 'బందే' గీతం, 2010 నాటి 'పీప్లీ లైవ్'లోని 'దేస్ మేరా' బృందాన్ని సామాన్య ప్రేక్షకుని చెంతకు చేర్చాయి. అయితే కథావసరానికి లోబడే సినిమా పాటలో, వేదికపై సావకాశంగా పెరిగే వాద్య సంభాషణకు చోటు తక్కువ. ఖ్యాతి విస్తరించిన మేరకు ఆ సావకాశం కుదించుకుపోయిందని చెప్పక తప్పదు.

2009 డిసెంబరు 25న అషీమ్ చక్రవర్తి మరణించారు. ఆయన గళం నిక్షిప్తమైన '16/330 ఖజూర్ రోడ్' 2010లో వెలువడింది. ఢిల్లీ కరోల్ బాగ్‌లో బృందం ఏళ్ళ తరబడి సాధన చేసిన పాత ఇంటి చిరునామాయే ఆ ఆల్బమ్ పేరు. అందులోని పాటలను అంతర్జాలం ద్వారా శ్రోతలకు ఉచితంగా అందించారు. 2013లో సుస్మిత్ సేన్ కూడా వైదొలగడంతో స్థాపకులిద్దరూ లేని బృందం మిగిలింది.

తుహీన్ చక్రవర్తి, హిమాంశు జోషి, నిఖిల్ రావు చేరికతో ప్రయాణం కొనసాగింది. 2014లో 'తందాను' కోసం శుభా ముద్గల్, విశ్వమోహన్ భట్ వంటి ప్రసిద్ధులతో కలిసి పనిచేశారు. 2015లో 'మసాన్' చిత్రానికి, దుష్యంత్ కుమార్ కవితా చరణాల ఆధారంగా వరుణ్ గ్రోవర్ రాసిన పాటకు స్వరరచన చేశారు. 2023లో 'తూ హై' వెలువడింది.

మొదట వేసుకున్న ప్రశ్నకు ఈ ఉత్తరార్ధమే సమాధానం. భాషాభేదం పాటించకుండా పదాన్ని స్వీకరించడం, తబలాకు, గిటార్‌కు సమాన గౌరవమివ్వడం అనే బాణీ నిలిచింది. నిఖిల్ రావు సమర్థుడైన వాద్యకారుడు. సుస్మిత్‌ను అనుకరించకపోవడం ఆయన వివేకం. కాని తబలాపై చేతులు ఆడుతుండగా అదే లయలోంచి గళం పుట్టుకొచ్చే అషీమ్ తీరు తిరిగి రాలేదు. ఇద్దరు పంచుకుని నిర్వహించినా, ఆ పని ఒక్కరు చేసినప్పటి ఏకత్వం వేరు. బాణీని వారసులకు అప్పగించవచ్చు, గొంతును అప్పగించలేము. ఈ సత్యాన్ని దాచిపెట్టక, పాత పాటలనే వల్లెవేస్తూ ఆగిపోక కొత్త రచనలకు పూనుకోవడమే ఈ బృందం దాటిన మైలురాళ్ళన్నింటిలోకి గణనీయమైనది.