74 నుంచి 75కు

మారుతి ఎస్టీమ్ ఇంజిను బ్లాకు అల్యూమినియంది. నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 74 మిల్లీమీటర్ల బోరు, 75.5 స్ట్రోకు, మొత్తం 1298 సీసీ. రేసుకు తయారు చేయించాలని దాన్ని తెచ్చే కుర్రాళ్లు మొదట అడిగేది ఒకటే: బోరు ఎంతవరకు కొట్టొచ్చు? లెక్క వేసి చూద్దాం. 74ను 75 చేస్తే 1298 కాస్తా 1334 అవుతుంది. పెరిగింది 36 సీసీ, నూటికి మూడు పాళ్లు కూడా లేదు. ఆ కాస్త కోసం ప్రతి సిలిండరు చుట్టూ అర మిల్లీమీటరు గోడ పోతుంది.

మా బుక్కరాయసముద్రానికి అనంతపురం పక్కనే. అక్కడి రీబోరింగ్ షాపుల్లో కూర్చోవడం నాకు చాన్నాళ్ల అలవాటు. ట్రాక్టర్లు, ఆటోలు, లారీలు, బావుల మీది పాత ఆయిలింజన్లు, ఇవే వాళ్లకు కూడు పెట్టేవి. రేసు బ్లాకు ఎప్పుడో గానీ రాదు. వచ్చిన రోజు నాకు పండగే. ఎందుకంటే ఈ పనిలో ఎంత నిగ్రహం కావాలో ఆ రోజే బాగా కనిపిస్తుంది.

ఒకసారి ఒక కుర్రాడు 76 చేయమని పట్టుబట్టాడు. మిషన్ దగ్గరున్న పెద్దాయన బ్లాకును తలకిందులు చేసి, నీళ్లు తిరిగే సందుల్లోకి టార్చిలైటు వేసి చూపించాడు. "ఎంత తీయొచ్చో నన్నడగొద్దబ్బీ. ఎంత మిగలాల్నో అడుగు" అన్నాడు.

ఆయన చూపించింది స్లీవు. మెత్తటి అల్యూమినియం మీద పిస్టన్ రింగులు నేరుగా రాసుకుంటే గోడ నిలవదు. అందుకే బ్లాకు పోత పోసేటప్పుడే లోపల పలచటి పోత ఇనుప స్లీవును ఇముడుస్తారు. మనం కోసేది ఆ ఇనుమునే. కంపెనీ ఇచ్చే పెద్ద సైజు పిస్టన్లు 0.25, 0.50 మిల్లీమీటర్లు, రెండే. అక్కడిదాకా గోడ తట్టుకుంటుందని కంపెనీ లెక్క. అంతకు మించితే, వేడికీ పేలుడుకీ ఆగడానికి కంపెనీ వదిలిన మందాన్ని మనం తినేస్తున్నట్టు. గోడ పలచబడితే ఒత్తిడికి ఉబ్బుతుంది, గుండ్రం చెడుతుంది. రింగు ఒక పక్క అంటుకుని ఇంకో పక్క వదులవుతుంది. పేలుడు సత్తువ ఆ సందులోంచి కిందికి జారిపోతుంది, ఆయిలు పైకి వచ్చి పొగవుతుంది. 36 సీసీ సంపాదించి, ఉన్న 1298లో అంతకంటే ఎక్కువ పోగొట్టుకునే బేరం ఇది. మా ఊరి చెరువుకు కట్టే ప్రాణం. బుక్కరాయల కాలంలో, 14వ శతాబ్దంలో కట్టిన కట్ట అది. చెరువు ఇంకాస్త పెద్దది కావాలని ఆ కట్ట మన్నునే ఎవరైనా తవ్వుకుంటారా?

ఇది మన షాపులకే ఉన్న చిక్కు కాదు. అమెరికాలో బ్యూయిక్ కంపెనీ 1961 మోడల్‌కు ఒక అల్యూమినియం వీ8 ఇంజిను తెచ్చింది. బోరు 88.9 మిల్లీమీటర్లు. దాన్ని తర్వాత బ్రిటన్‌లో రోవర్ కంపెనీ కొనుక్కుని ఏళ్ల తరబడి వాడింది. సీసీ పెంచాలని చివరికి బోరును 94 దాకా తీసుకుపోయింది. ఆ పెద్ద బోరు ఇంజిన్లలో కొన్ని వేడెక్కితే స్లీవు వెనక అల్యూమినియం చిట్లడం, స్లీవు జారడం మెకానిక్కులందరికీ తెలిసిన జబ్బు. ఆ కుటుంబంలోనే పుట్టిన ఓల్డ్స్‌మొబైల్ బ్లాకు ఆస్ట్రేలియాలో రెప్కో వాళ్ల చేతికి వెళ్లింది. వాళ్లు బోరు 88.9 దగ్గరే ఉంచారు. స్ట్రోకును 60.3కు కుదించి మూడు లీటర్ల ఇంజిను చేశారు. 1966లో ఆ ఇంజినుతోనే జాక్ బ్రాభమ్ తన పేరున్న కారులో ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడల్లా నాకు రెప్కో వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

బోరు మీద రేసువాళ్లకు ఆశ ఊరికే పుట్టలేదు. బోరు పెద్దదైతే పెద్ద వాల్వులు పడతాయి, స్ట్రోకు చిన్నదైతే ఇంజిను ఇంకా వేగంగా తిరుగుతుంది. ఈ ఆశకు ఫార్ములా వన్ చట్టమే కళ్లెం వేసింది. 2006లో వచ్చిన 2.4 లీటర్ల వీ8కు బోరు 98 మిల్లీమీటర్లు దాటకూడదంది. 2014 నుంచి 1.6 లీటర్ల వీ6కు 80 అని ఖాయం చేసేసింది. 2005లో మన నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ కారు నడిపినప్పటికి ఇంకా పది సిలిండర్ల కాలమే. అతని కుటుంబం లాంటి కోయంబత్తూరు తెలుగు కుటుంబాలు మన దేశపు రేసింగ్‌కు చేసిన మేలు చిన్నది కాదు. అక్కడి కరివర్ధన్ 1988లో మారుతి 800 ఇంజినుతో ఫార్ములా మారుతి కారు తయారుచేసి, సామాన్యులకూ రేసు కారు అందేలా చేశాడు. 796 సీసీ ఇంజినుతోనే ఆ కార్లు ఒక తరం డ్రైవర్లకు చదువు చెప్పాయి.

అల్యూమినియం బ్లాకుతో అసలు పరీక్ష వేడి దగ్గర వస్తుంది. ఇనుము కంటే అల్యూమినియం ఇంచుమించు రెండింతలు సాగుతుంది. ఎస్టీమ్‌లో పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండాల్సిన సందు 2 నుంచి 4 పాయింట్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతులు. మే నెల మధ్యాహ్నం ఎండలో పెట్టిన పిస్టన్, నీడలో ఉన్న పిస్టన్ కంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే దాని అడ్డుకొలత 3 పాయింట్లు పెరుగుతుంది. సందు దాదాపు మొత్తం అక్కడే మాయం. అందుకే ఈ పెద్దాయన ముందురోజు సాయంత్రమే బ్లాకు, పిస్టన్లు, మైక్రోమీటరు, బోరు గేజి అన్నీ ఒకే బల్ల మీద పెట్టిస్తాడు. తెల్లవారి ఎండెక్కక ముందే కొలుస్తాడు. మా కరువు సీమలో ఇంత కచ్చితంగా పని చేసే చేతులున్నాయని చెప్పుకోవడం నాకు గర్వం.

ఇంకో జాగ్రత్త ఉంది. హెడ్డు బోల్టులు బిగించగానే అల్యూమినియం బ్లాకు కొద్దిగా వంగుతుంది. ఉట్టి బ్లాకులో గుండ్రంగా కోసిన బోరు, హెడ్డు ఎక్కాక గుండ్రంగా ఉండదు. రేసు ఇంజిన్లు కట్టేవాళ్లు హెడ్డుకు బదులు ఒక మందపాటి ఇనుప ప్లేటును గ్యాస్కెట్ వేసి అదే బిగువుతో బిగించి, ఆ తర్వాతే బోరు గోడను నునుపు చేసే హోనింగ్ పని పడతారు. ఈ ఒక్క ప్లేటు చేసే మేలు 36 సీసీ చేయదని నా గట్టి నమ్మకం. ఆ కుర్రాడి బ్లాకు కూడా చివరికి 0.50 దగ్గరే ఆగింది. ప్లేటు కోయించడానికి మాత్రం వాడే వేరే షాపుకు పరిగెత్తాడు.

కేటీఎం 390 బైకు కుర్రాళ్లకు ఇంకో మాట చెప్పాలి. దాని బోరు 89 మిల్లీమీటర్లు, లోపల ఇనుప స్లీవు లేదు. అల్యూమినియం మీదే నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన గట్టి పూత ఉంటుంది. బోరింగ్ మిషన్ మీద పెట్టి కోస్తే ఆ పూత పోతుంది. మళ్లీ పూత వేయించాలి, లేదా స్లీవు దింపాలి. రెండూ మామూలు రీబోరింగ్ షాపులో అయ్యే పనులు కావు. ఫార్ములా స్టూడెంట్ పోటీలకు కార్లు కట్టే మన ఇంజనీరింగ్ పిల్లలు ఈ ఇంజినునే ఎక్కువగా వాడతారు. ఆ పోటీల్లో పెట్రోలు ఇంజిను పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రంలోంచే పోవాలని నిబంధన. గాలికే కట్టడి ఉన్నప్పుడు బోరు పెంచి వచ్చేదెంత? ఆ పిల్లలు కంప్యూటరు ముందు కూర్చునే ముందు ఒక పూట రీబోరింగ్ షాపుకు రావాలి. పెద్దాయన ఎవరినీ కాదనడు. ఆరింటికల్లా వస్తే కొలతలు దగ్గరుండి చూడొచ్చు.